సర్వర్‌కి దూరం నుంచి దారి మూసుకుపోతే

రాయగడలో రైస్ మిల్లు ఆఫీసు, పర్లాకిమిడిలో నర్సింగ్ హోము, గుణుపురంలో కాలేజీ లైబ్రరీ, జయపురంలో మందుల హోల్‌సేల్ షాపు. దక్షిణ ఒడిశాలో ఇలాంటి చోట్ల వెనక గదిలో ఒక లైనక్స్ పెట్టె నడుస్తూ ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి మాత్రం విశాఖలోనో బరంపురంలోనో ఉంటాడు. లేదంటే పెట్టె కూడా ఇక్కడ ఉండదు, ముంబైలోనో హైదరాబాదులోనో అద్దెకు తీసుకున్న సర్వరు. ఎక్కడున్నా లోపలికి వెళ్లే దారి సాధారణంగా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయి ఆదేశాలు కొట్టే పద్ధతి) ఒక్కటే. ఆ దారిని బయటి దొంగ మూసేయడం అరుదు. ఫైర్‌వాల్ (ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే కాపలా) సరిచేస్తూనో, పాస్‌వర్డ్ లాగిన్ ఆపేస్తూనో, ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) మారుస్తూనో చూసుకునే మనిషే మూసేస్తాడు. మళ్లీ తెరిచే దారులు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది పడితే అది పట్టుకుంటే మాత్రం చిన్న చిక్కు పెద్దదవుతుంది.

కింద ఆదేశాలన్నీ ఫోన్లో చెప్పి ఎదుటివాళ్ల చేత కొట్టించేటట్టు, పలికినట్టుగానే రాశాం. ఇంగ్లిషులో మామూలుగా చిన్న అక్షరాలతో టైపు చెయ్యాలి. పెద్ద అక్షరం కావాల్సినచోట ఆ మాట చెప్పాం.

పాత విండో ఇంకా తెరిచి ఉందా?

ఉంటే దాన్ని మూయకండి. ఎస్ఎస్‌హెచ్ సర్వీసు రీస్టార్ట్ అయినా అప్పటికే లోపలున్న సెషన్ తెగదు. ఫైర్‌వాల్ కూడా ముందే కుదిరిన కనెక్షన్‌ని చాలావరకు వదిలేస్తుంది, కొత్తగా తలుపు తట్టేవాళ్లనే ఆపుతుంది. కాబట్టి కొత్త విండోలో లాగిన్ కాకపోయినా పాత విండోలో మీరు ఇంకా రూటే, అంటే సర్వాధికారాలున్న యూజరే. లాప్‌టాప్‌కి చార్జర్ పెట్టండి, మూత వెయ్యకండి, వైఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారకండి. నెట్‌వర్క్ మారితే మీ ఐపీ మారుతుంది, ఆ సెషన్ అక్కడితో సరి.

ఇప్పుడు చివరగా ఏం మార్చారో దాన్నే వెనక్కి తిప్పండి, ఇంకేమీ వద్దు. ఫైర్‌వాల్ అయితే (ఉబుంటు రకం లైనక్స్‌లో దాని పేరు యూఎఫ్‌డబ్ల్యూ) 'సుడో యూఎఫ్‌డబ్ల్యూ డిసేబుల్'. కాన్ఫిగ్ ఫైలు అయితే పాత కాపీ తిరిగి పెట్టి 'సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ హైఫన్ చిన్న టీ' కొట్టండి. ఏమీ చెప్పకుండా ప్రాంప్ట్ (ఆదేశం కోసం ఎదురుచూసే లైను) తిరిగొస్తే ఫైల్లో రాత తప్పులు లేవు. తప్పుంటే ఏ లైన్లో ఉందో అదే చెబుతుంది. ఆ తర్వాతే రీస్టార్ట్. ఆపైన రెండో విండో తెరిచి లాగిన్ అయి చూడండి, అది లోపలికి వెళ్లాకే మొదటిది మూయండి. ఈ చివరి అలవాటు ఒక్కటి ఉంటే ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు.

విండో తెరిచే ఉంది గాని అక్షరం కదలడం లేదంటే సెషన్ చచ్చినట్టే. ఎంటర్ కొట్టి, టిల్డ గుర్తు, చుక్క వరసగా కొడితే అది తెగి మీ ప్రాంప్ట్ తిరిగొస్తుంది.

తెరమీద వచ్చిన ముక్క చదవండి

"లాగిన్ అవ్వట్లేదు" అన్న మాటతో పని కాదు. ఎస్ఎస్‌హెచ్ ఏ మాట చెప్పి తిప్పి పంపిందన్నదే అసలు కీలకం. ఒక్కో మాటకి ఒక్కో దారి.

'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంటే మీరు పంపిన ప్యాకెట్‌కి జవాబే రాలేదు. యూఎఫ్‌డబ్ల్యూ నోరు మెదపకుండా పారేసి ఉండొచ్చు, క్లౌడ్ కంపెనీ సెక్యూరిటీ గ్రూపులో (సర్వర్ బయట ఆ కంపెనీ పెట్టే ఫైర్‌వాల్) మీ ఐపీ లేకపోవచ్చు, సర్వర్ ఐపీయే మారి ఉండొచ్చు, అసలు అక్కడ కరెంటే లేకపోవచ్చు. పింగ్ రావడం లేదని మిషన్ పడిపోయిందని అనుకోవద్దు, చాలా సర్వర్లు పింగ్‌కి జవాబివ్వవు. దానిమీద వెబ్‌సైటో బిల్లింగ్ సాఫ్ట్‌వేరో నడుస్తూ ఉంటే అది తెరుచుకుంటోందా అని చూడండి. తెరుచుకుంటే మిషన్ బతికే ఉంది, దారి ఒక్కటే మూసుకుంది.

'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే ప్యాకెట్ అక్కడిదాకా వెళ్లింది, తిప్పి పంపారు. ఎస్ఎస్‌హెచ్ సర్వీసు లేవలేదు, లేదా పోర్టు (సర్వీసు వినే తలుపు నంబరు, మామూలుగా 22) మారింది. మూడో కారణం చాలామందికి తట్టదు: ఫెయిల్‌టుబ్యాన్ (తప్పు లాగిన్లు లెక్కపెట్టి ఆ ఐపీని ఆపే ప్రోగ్రాము) మీ ఐపీని నిషేధించినప్పుడు దాని మామూలు సెట్టింగులో ప్యాకెట్‌ని పారెయ్యదు, రిజెక్ట్ చేస్తుంది, మీకు కనిపించేది ఇదే మాట. సర్వీసు చచ్చిపోయిందనుకుని రీబూట్లకి దిగేముందు ఇది గుర్తు పెట్టుకోండి.

'నో రూట్ టు హోస్ట్' ఒకే లాన్‌లో (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) ఉన్నప్పుడు వస్తే చాలావరకు అవతలి మిషన్ ఆఫ్‌లో ఉందని అర్థం. బయటి నుంచి వస్తే, అవతల ఉన్నది రాకీ, అల్మా లాంటి లైనక్స్ అయితే, అది తరచూ దాని ఫైర్‌వాల్, ఫైర్‌వాల్‌డీ, చెప్పే మాట. రూటింగ్ చెడిపోయిందని ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చెయ్యనక్కర్లేదు.

'పర్మిషన్ డినైడ్' పక్కన బ్రాకెట్లో 'పబ్లిక్‌కీ' అని ఉంటే నెట్‌వర్క్, ఫైర్‌వాల్, సర్వీసు అన్నీ బాగున్నాయి. యూజర్ పేరో, కీయో (పాస్‌వర్డు బదులు చూపించే ఫైలు), ఫోల్డర్ అనుమతులో తేడా. ఇక్కడ ఫైర్‌వాల్‌తో ఆడేవాళ్లు లేని తలనొప్పి తెచ్చుకుంటారు.

'టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్' వస్తే సర్వర్ తప్పేమీ లేదు. మీ లాప్‌టాప్‌లో పది కీలు పోగై ఉన్నాయి, అవి ఒక్కొక్కటీ చూపిస్తూ పోతే ఆరో తప్పుకే సర్వర్ విసిగి తెంచేస్తుంది. 'ఎస్ఎస్‌హెచ్ హైఫన్ చిన్న ఓ ఐడెంటిటీస్‌ఓన్లీ ఈక్వల్స్ యెస్, హైఫన్ ఐ, కీ ఫైలు దారి' అని ఒకే కీ చూపించండి. ఐడెంటిటీస్‌లో ఐ, ఓన్లీలో ఓ పెద్దక్షరాలుగా రాయడం వాడుక.

'హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్' అన్నది లాకవుట్ కాదు, హెచ్చరిక. డిస్క్ మార్చి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా, ఆ ఐపీ ఇంకో మిషన్‌కి వెళ్లినా వస్తుంది. కారణం మీకు తెలిసినప్పుడు మాత్రమే 'ఎస్ఎస్‌హెచ్ హైఫన్ కీజెన్, హైఫన్ పెద్ద ఆర్, సర్వర్ పేరు' కొట్టి పాత గుర్తు తీసెయ్యండి. కారణం తెలియకపోతే ఆగండి.

ఇది చూశాక, పాత విండో ఏదీ తెరిచి లేకపోతే, ఒక్కసారి వేరే నెట్‌వర్క్ నుంచి ప్రయత్నించండి. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ నుంచి రానిది ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వస్తే, తేడా సర్వర్లో లేదు, మీ ఐపీలో ఉంది.

మీ ఐపీ మీదే నిషేధం ఉంటే

ఫెయిల్‌టుబ్యాన్ మామూలు లెక్క ఇది: 10 నిమిషాల్లో 5 తప్పులు చేస్తే 10 నిమిషాలు బయట. సెట్టింగు ఎవరూ మార్చకపోతే టీ తాగొచ్చేసరికి తెరుచుకుంటుంది. ఈలోపు ఆత్రంగా మళ్లీ మళ్లీ తప్పు పాస్‌వర్డు కొట్టకండి, నిషేధం తీరగానే మళ్లీ పడుతుంది. వేరే ఐపీ నుంచి లోపలికి వెళ్లగలిగితే 'సుడో ఫెయిల్‌టుబ్యాన్ హైఫన్ క్లయింట్ సెట్ ఎస్ఎస్‌హెచ్‌డీ అన్‌బ్యాన్‌ఐపీ' అని, మీ ఐపీ రాస్తే వెంటనే పోతుంది. ఫెయిల్‌టుబ్యాన్‌లో మధ్య మాట 'టు' కాదు, 2 అంకె.

ఆఫీసంతా ఒకే బ్రాడ్‌బ్యాండ్ మీద ఉంటే ఒక్కరు పాస్‌వర్డు మర్చిపోయినా అందరికీ తలుపు పడుతుంది. మొబైల్ డేటాలో అయితే ఇంకా చిత్రం: ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఎంతోమంది చందాదారులు ఉంటారు. అందుకే "నా ఇంటి ఐపీ ఒక్కటే రావాలి" అని ఫైర్‌వాల్లో రాసుకున్నవాళ్లకు చిక్కు ఖాయం. మన ఊళ్లలో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ చాలావరకు స్థిరం కాదు. రాత్రి కరెంటు పోయి రౌటర్ మళ్లీ లేచిందంటే ఐపీ మారి ఉండొచ్చు. అద్దె సర్వర్ అయితే క్లౌడ్ కంపెనీ వెబ్ పేజీలో సెక్యూరిటీ గ్రూపు తెరిచి 22వ పోర్టుకి కొత్త ఐపీ చేర్చండి, ఒక నిమిషం పని. సర్వర్ లోపలి ఫైర్‌వాల్లో రాసి ఉంటే కన్సోల్ దాకా వెళ్లాల్సిందే, దాని సంగతి కింద ఉంది.

సర్వీసు సెట్టింగుల్లో జరిగే పొరపాట్లు

ఎస్ఎస్‌హెచ్ సర్వీసు ఏ సెట్టింగుకైనా మొదట కనిపించిన విలువనే తీసుకుంటుంది, తర్వాత రాసింది పట్టించుకోదు. ఉబుంటులో 'ఈటీసీ స్లాష్ ఎస్ఎస్‌హెచ్ స్లాష్ ఎస్ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్' ఫైలు పైభాగంలోనే 'ఇన్‌క్లూడ్' లైను ఉంటుంది. అది 'ఎస్ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్ చుక్క డీ' ఫోల్డర్లోని ఫైళ్లను ముందే చదివిస్తుంది. క్లౌడ్ సర్వర్లలో అక్కడ '50 హైఫన్ క్లౌడ్ హైఫన్ ఇనిట్' పేరుతో ఒక ఫైలు కూర్చుని పాస్‌వర్డ్ లాగిన్ ఉండాలా వద్దా అన్నది తేల్చేస్తుంది. మీరు పెద్ద ఫైల్లో ఏం రాసినా దానిదే చెల్లుబాటు. చివరికి ఏది అమల్లో ఉందో చూడాలంటే 'సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ హైఫన్ పెద్ద టీ' కొట్టండి, మొత్తం లెక్క చదివి వినిపిస్తుంది.

ఫైలు చివర 'మ్యాచ్' (ఫలానా యూజర్‌కో ఐపీకో మాత్రమే అని చెప్పేది) అన్న లైను ఉండి, దాని కింద కొత్త లైన్లు అతికిస్తే అవన్నీ ఆ మ్యాచ్‌కే వర్తిస్తాయి. 'అలౌయూజర్స్' (రానివ్వాల్సిన యూజర్ల జాబితా) లైన్లో పేరు ఒక్క అక్షరం తప్పినా అసలు యూజర్ బయటపడతాడు. 'హైఫన్ చిన్న టీ' పరీక్ష ఇది పట్టుకోదు, ఎందుకంటే రాత తప్పు కాదు గదా, పేరు తప్పు.

పోర్టు మార్చడం గురించి: 22 తీసేసి 2222 పెడితే లాగ్ ఫైళ్లలో (సర్వర్ జరిగినవి రాసుకునే ఫైళ్లు) చెత్త తగ్గుతుంది, భద్రత పెద్దగా పెరగదు. దానికోసం పడే లాకవుట్లతో పోలిస్తే గిట్టుబాటు కాదని మా అభిప్రాయం. మార్చే తీరాలంటే మూడు చోట్ల మార్చాలి: సర్వీసులో, సర్వర్ ఫైర్‌వాల్లో, క్లౌడ్ సెక్యూరిటీ గ్రూపులో. ఉబుంటు 22.10 నుంచి పోర్టుని పట్టుకునేది సర్వీసు కాదు, సిస్టమ్‌డీ (సర్వీసులను లేపే ప్రోగ్రాము) సాకెట్. సర్వీసుని రీస్టార్ట్ చేస్తే చాలదు, 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్ హైఫన్ రీలోడ్' కొట్టి, 'సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్ఎస్‌హెచ్ చుక్క సాకెట్' కూడా కొట్టాలి. రాకీ, అల్మాల్లో ఎస్ఈలైనక్స్ అనే భద్రతా పొర కొత్త పోర్టుని ఒప్పుకోదు, 'సెమేనేజ్ పోర్ట్'తో ముందే నమోదు చెయ్యాలి.

కీ సరైనదే అయినా తిప్పి పంపుతోందంటే అనుమతులు చూడండి. హోమ్ ఫోల్డర్‌లో ఇతరులకు రాసే హక్కు ఉంటే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని నమ్మదు. ఏదో అప్‌లోడ్ పని చెయ్యలేదని హోమ్ మొత్తానికి 777 (అందరికీ అన్ని హక్కులు) కొట్టేస్తే మర్నాడు కీ చెల్లదు. హోమ్‌కి 755 లేదా 750, చుక్క ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్ ఫైలుకి 600, యజమాని ఆ యూజరే. రూట్‌గా ఉండి ఫైలు సృష్టించి యజమానిని మార్చడం మర్చిపోవడం కూడా తరచూ జరిగేదే.

ఐపీటేబుల్స్‌లో (యూఎఫ్‌డబ్ల్యూ వెనక పనిచేసే ఫైర్‌వాల్ ఆదేశం) 'హైఫన్ పెద్ద ఎఫ్' కొట్టి నియమాలన్నీ తుడిచేస్తే అన్నీ తెరుచుకుంటాయనుకుంటారు. నియమాలు పోతాయి గాని పాలసీ (ఏ నియమానికీ తగలని ప్యాకెట్‌ని ఏం చెయ్యాలన్నది) మిగులుతుంది. యూఎఫ్‌డబ్ల్యూ నడిచే మిషన్లో ఇన్‌పుట్ పాలసీ 'డ్రాప్'. అనుమతించే నియమాలు పోయి పారేసే పాలసీ ఒక్కటే మిగిలితే ఆ క్షణమే బయటపడతారు, పాత విండో కూడా బిగుసుకుపోతుంది. ముందు 'ఐపీటేబుల్స్ హైఫన్ పెద్ద పీ ఇన్‌పుట్ యాక్సెప్ట్' కొట్టాలి, చివరి రెండు మాటలూ పెద్దక్షరాల్లో. తర్వాతే తుడవాలి.

అద్దె సర్వరైతే కన్సోల్ నుంచి

ఏ పేరున్న కంపెనీ అయినా తన వెబ్ పేజీలోంచి సర్వర్ తెరని చూపించే కన్సోల్ ఇస్తుంది. ఇది సర్వర్‌కి మానిటర్ తగిలించినట్టే. నెట్‌వర్క్‌తో, ఎస్ఎస్‌హెచ్‌తో దీనికి సంబంధం లేదు. అడ్డం పడేది పాస్‌వర్డు. కీతోనే లాగిన్ అయ్యే క్లౌడ్ సర్వర్లో యూజర్‌కి పాస్‌వర్డే ఉండదు, కన్సోల్ అడిగేది అదే. కంపెనీ పేజీలో 'రూట్ పాస్‌వర్డ్ రీసెట్' ఉంటే వాడుకోండి.

కన్సోల్లో పాస్‌వర్డు పదేపదే తప్పంటే ముందు కీబోర్డుని అనుమానించండి. బ్రౌజర్ కన్సోల్లో కీబోర్డు అమరిక వేరుగా ఉండి, ఎట్, హ్యాష్, డాలర్ లాంటి గుర్తులు ఇంకోలా పడతాయి. పాస్‌వర్డు కనిపించదు కాబట్టి తెలియదు. లాగిన్ పేరు అడిగేచోట పాస్‌వర్డునే టైపు చేసి చూడండి, అక్కడ అక్షరాలు కనిపిస్తాయి. ఎంటర్ కొట్టకుండా చెరిపెయ్యండి, కొడితే లాగ్ ఫైల్లో పడుతుంది. తాత్కాలిక పాస్‌వర్డు ఉత్త అక్షరాలూ అంకెలతో పొడవుగా పెట్టుకోవడం మేలు.

అమెజాన్‌లో (ముంబై కేంద్రం 2016 నుంచి, హైదరాబాద్ కేంద్రం 2022 నుంచి ఉన్నాయి) దారులు కొన్ని. సెషన్ మేనేజర్ ముందే అమర్చి ఉంటే అదే సుఖం. సర్వర్లోని ఏజెంటు తనే 443 పోర్టు మీదుగా బయటికి మాట్లాడుతుంది, కాబట్టి లోపలికి వచ్చే పోర్టులన్నీ మూసినా పని చేస్తుంది. సీరియల్ కన్సోల్ నైట్రో రకం సర్వర్లకే ఉంది, ఖాతాలో దాన్ని ముందు ఎనేబుల్ చెయ్యాలి, యూజర్‌కి పాస్‌వర్డూ ఉండాలి.

ఇవేవీ లేకపోతే డిస్కు విప్పి ఇంకో సర్వర్‌కి తగిలించడమే. వరస ఇది. డిస్కుకి స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నట్టుగా కాపీ) తియ్యండి, ఇది వదలొద్దు. చెడిన సర్వర్ని స్టాప్ చెయ్యండి. టర్మినేట్ అన్న బటన్ ఆ పక్కనే ఉంటుంది, చూసి నొక్కండి. ఎలాస్టిక్ ఐపీ (మారకుండా కేటాయించుకున్న ఐపీ) లేకపోతే స్టాప్ చేసి స్టార్ట్ చేసినప్పుడు పబ్లిక్ ఐపీ మారుతుంది. ఇన్‌స్టెన్స్ స్టోర్ (తాత్కాలిక) డిస్కుల్లో ఉన్నది పోతుంది. రూట్ డిస్కుని విడదీసేముందు దాని పరికరం పేరు రాసిపెట్టుకోండి. అదే అవైలబిలిటీ జోన్లో (ఆ కేంద్రంలోని అదే విభాగంలో) ఇంకో చిన్న సర్వర్ లేపి, అది పూర్తిగా బూట్ అయ్యాక డిస్కు తగిలించండి. ముందే తగిలిస్తే, రెండు డిస్కులూ ఒకే ఇమేజ్‌వి కాబట్టి గుర్తులు ఒకటై, చెడిన డిస్కు నుంచే బూట్ అయ్యే ప్రమాదం ఉంది. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కొట్టి పేరు చూసి 'ఎమ్ఎన్‌టీ' ఫోల్డర్లో మౌంట్ చెయ్యండి, అంటే ఆ డిస్కులోని ఫైళ్లు అక్కడ కనిపించేలా తగిలించండి. ఎక్స్ఎఫ్ఎస్ (ఒక ఫైల్‌సిస్టమ్ రకం) డిస్కు మౌంట్ కానని మొండికేస్తే కారణం ఆ ఒకే గుర్తే, 'హైఫన్ చిన్న ఓ నోయూయూఐడీ' చేర్చండి.

మౌంట్ అయ్యాక పని తేలిక. ఫైర్‌వాల్ తప్పయితే 'ఎమ్ఎన్‌టీ స్లాష్ ఈటీసీ స్లాష్ యూఎఫ్‌డబ్ల్యూ స్లాష్ యూఎఫ్‌డబ్ల్యూ చుక్క కాన్ఫ్' ఫైల్లో 'ఎనేబుల్డ్' దగ్గర 'యెస్' తీసి 'నో' పెట్టండి. కీ పోతే ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో కొత్తది అతికించండి. పాస్‌వర్డు కావాలంటే 'సీహెచ్‌రూట్ స్లాష్ ఎమ్ఎన్‌టీ' చేసి (ఆ డిస్కులోని సిస్టమ్ లోపలికి వెళ్లినట్టు) 'పాస్‌డబ్ల్యూడీ' కొట్టండి. అన్‌మౌంట్ చేసి, డిస్కుని రాసిపెట్టుకున్న పేరుతోనే అసలు సర్వర్‌కి తగిలించి లేపండి. పేరు తేడా వస్తే బూట్ డిస్కు లేదంటుంది. చాలా చిన్న కంపెనీల్లో దీనికి బదులు 'రెస్క్యూ మోడ్' ఉంటుంది, పద్ధతి ఇదే, డిస్కు విప్పే శ్రమ ఉండదు.

పెట్టె ఊళ్లోనే ఉంటే, ఫోన్ మీద

ఇక్కడ మీ చేతులు అవతలి మనిషివి. మిల్లు గుమాస్తాకో రిసెప్షన్ అమ్మాయికో లైనక్స్ తెలియక్కర్లేదు, కళ్లు చూసింది చెబితే చాలు. అసలు ప్రశ్నలు కూడా లైట్ల గురించే.

"బాబూ, గోడకి తెల్ల డబ్బా ఉంది కదా, దానిమీద ఎల్ఓఎస్ అని రాసినచోట లైటు ఏ రంగు?"

"ఎర్రగా ఉందన్నా."

ఎర్రగా ఉంటే ఫైబర్ తెగింది, సర్వర్ జోలికి వెళ్లక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని కొట్టినట్టు కొట్టినప్పుడు స్తంభాలతో పాటు కేబుళ్లూ పోతాయి, అప్పుడు ఎంత ఎస్ఎస్‌హెచ్ తెలిసినా దండగ. ఆ లైటు వెలగకుండా, మిగతావి పచ్చగా ఉంటే సర్వర్ వెనక నెట్ కేబుల్ దగ్గర చిన్న లైటు మినుకుతోందా అని అడగండి. మినుకుతుంటే మిషన్ లేచి ఉంది. లేకపోతే కేబుల్ తీసి టక్ మని శబ్దం వచ్చేలా మళ్లీ పెట్టించండి.

తరచూ కనిపించే లోపం ఇంకోటి: సర్వర్‌కి యూపీఎస్ ఉంటుంది, రౌటర్‌కి ఉండదు. కరెంటు పోతే సర్వర్ హాయిగా నడుస్తుంది, చేరే దారే ఉండదు. ఫైబర్ డబ్బా, రౌటర్ తినే కరెంటు చాలా తక్కువ, అదే యూపీఎస్‌లో పెట్టించండి. లేదా 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ కొనండి, ఆ రెండింటికీ అడాప్టర్ మీద 12 వోల్టులని రాసి ఉందో లేదో చూసుకుని.

రౌటర్ కొత్తది మార్చారా అని తప్పకుండా అడగండి. కేబుల్ అబ్బాయి వచ్చి పాతది పట్టుకుపోయి కొత్తది పెడితే లోపలి ఐపీల వరస మారుతుంది, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చినదాన్ని లోపలి సర్వర్‌కి పంపే సెట్టింగు) పోతుంది. కొత్త రౌటర్ పేజీలో కనిపించే బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదు, ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి రాదు.

మానిటరు, యూఎస్‌బీ కీబోర్డు తగిలించాక "స్క్రీన్ మీద ఏటుంది?" అని అడిగి రాబట్టడం కంటే వాట్సాప్‌లో ఫోటో పంపమనడం నయం. ఎక్కువగా కనిపించేవి ఇవి. 'ఎఫ్ఎస్‌సీకే (డిస్కుని సరిచూసే ఆదేశం) మాన్యువల్‌గా నడపండి' అని ఆగితే కరెంటు హఠాత్తుగా పోయి ఫైల్‌సిస్టమ్ చెదిరింది. 'ఎఫ్ఎస్‌సీకే హైఫన్ వై', తర్వాత ఆ తెరమీదే ఉన్న డిస్కు పేరు కొట్టించి, అయ్యాక 'ఎగ్జిట్'. బ్యాకప్ లేని డేటా ఉండి, డిస్కు టకటక కొట్టుకుంటుంటే ఇది చెయ్యకండి, ముందు డిస్కు కాపీ తియ్యాలి. 'ఎమర్జెన్సీ మోడ్' అని వస్తే చాలాసార్లు 'ఎఫ్ఎస్‌ట్యాబ్'లో (బూట్‌లో తగిలించాల్సిన డిస్కుల జాబితా) రాసిన బయటి డిస్కు దొరకలేదు. ఎవరో బ్యాకప్ హార్డ్‌డిస్క్ పీకి పట్టుకెళ్లారు, మిషన్ దానికోసం 90 సెకన్లు చూసి బూట్ ఆపేసింది. తిరిగి పెట్టి రీబూట్ చేస్తే లేస్తుంది. లేచాక ఆ లైన్లో 'నోఫెయిల్' (డిస్కు లేకపోయినా బూట్ ఆపకు అని) చేర్చండి.

ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ ఖాతా లాక్ అయి ఉందంటే, లేదా ఎవరికీ పాస్‌వర్డు గుర్తులేకపోతే గ్రబ్ (లైనక్స్‌ని లేపే ప్రోగ్రాము) మెనూ నుంచి వెళ్లాలి. బూట్ మొదట్లో పాత బయోస్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి, యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) అయితే ఎస్కేప్ ఒక్కసారి. ఆత్రంగా ఎక్కువసార్లు కొడితే మెనూ బదులు గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది, అక్కడ 'నార్మల్' అని కొట్టి ఎంటర్, వెంటనే ఎస్కేప్. మెనూలో 'ఈ' నొక్కి, 'లైనక్స్' అని మొదలయ్యే లైన్లో 'ఆర్‌ఓ'ని 'ఆర్‌డబ్ల్యూ' చేసి, 'క్వయెట్ స్ప్లాష్' తీసేసి, చివర 'ఇనిట్ ఈక్వల్స్ స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్' చేర్చాలి. కంట్రోల్ ఎక్స్. నేరుగా రూట్ ప్రాంప్ట్ వస్తుంది. 'పాస్‌డబ్ల్యూడీ', యూజర్ పేరు, కొత్త పాస్‌వర్డు రెండుసార్లు, ఆ తర్వాత 'సింక్', 'రీబూట్ హైఫన్ ఎఫ్'. రాకీ, అల్మాల్లో రీబూట్‌కి ముందు 'టచ్ స్లాష్ చుక్క ఆటోరీలేబుల్' కొట్టకపోతే కొత్త పాస్‌వర్డు కూడా చెల్లదు. ఆ తర్వాతి బూట్ ఆలస్యమవుతుంది, మధ్యలో స్విచ్ ఆపవద్దని చెప్పి ఉంచండి. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే ఆ పాస్‌ఫ్రేజ్ లేకుండా ఈ దారి లేదు.

మిషన్ లేచింది, అన్నీ బాగున్నాయి, రెండంచెల లాగిన్ కోడు మాత్రం తప్పంటోంది? గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది. ఫోన్లో వచ్చే కోడు సమయం మీద లెక్క కట్టేది, కాబట్టి కలవదు. సర్టిఫికెట్లూ చెల్లవు, వీపీఎన్ లేవదు. బయోస్‌లో పెట్టుకున్న 'కరెంటు రాగానే ఆన్ అవ్వు' సెట్టింగు కూడా ఆ బ్యాటరీతోనే పోవచ్చు. వాచీల షాపులో దొరికే బిళ్ల అది, మార్చించండి.

ఈసారి మార్చేముందు

ఫైర్‌వాల్ ముట్టుకునేముందు టైమర్ పెట్టండి: 'సుడో సిస్టమ్‌డీ హైఫన్ రన్, హైఫన్ హైఫన్ ఆన్ హైఫన్ యాక్టివ్ ఈక్వల్స్ 10ఎమ్, యూఎఫ్‌డబ్ల్యూ డిసేబుల్'. పది నిమిషాల్లో ఫైర్‌వాల్ తనే ఆగిపోతుంది. అంతా బాగుంటే, ఆదేశం కొట్టగానే చూపించిన టైమర్ పేరు పెట్టి ఆపెయ్యండి. ఆపడం మర్చిపోతే ఫైర్‌వాల్ లేకుండా నడుస్తుంది, అది ఇంకో ముప్పు. ఉబుంటులో ఐపీ మార్చేటప్పుడు 'నెట్‌ప్లాన్ అప్లై' వద్దు, 'నెట్‌ప్లాన్ ట్రై' కొట్టండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగుకి తనే తిరిగి వెళ్తుంది.

రెండో తలుపు ఒకటి ఉండాలి, మొదటిదానితో సంబంధం లేనిది. సొంత పబ్లిక్ ఐపీ లేని ఊళ్లలో టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సులువు, సర్వరే బయటికి కలుస్తుంది కాబట్టి. ఒక్క మెలిక: దాని కీ మామూలుగా 180 రోజులకు గడువు తీరుతుంది. సర్వర్‌కి ఆ గడువు తీసెయ్యకపోతే ఆరు నెలలకి ఒకరోజు ఏ కారణం లేకుండా మాయమవుతుంది. క్లౌడ్ ఖాతా ఓటీపీ ఏ సిమ్‌కి వెళ్తోందో కూడా ఇప్పుడే చూసుకోండి. ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన కుర్రాడి ఒడిశా నంబరుకి వెళ్తుంటే కన్సోల్ ఉన్నా లేనట్టే.

లోపలికి వెళ్లాక

హడావిడిలో తెరిచినవన్నీ మూయాలి. సెక్యూరిటీ గ్రూపులో 'ఎక్కడి నుంచైనా' అని పెట్టిన 22 నియమం, ఆపేసిన యూఎఫ్‌డబ్ల్యూ, ఫోన్లో గట్టిగా చదివి వినిపించిన పాస్‌వర్డు, స్నాప్‌షాట్, చిన్న సర్వర్ (వాటికి బిల్లు నడుస్తూనే ఉంటుంది). యూఎఫ్‌డబ్ల్యూ తిరిగి ఆన్ చేసేముందు 'యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 22 స్లాష్ టీసీపీ' కొట్టండి. 'లిమిట్' వాడితే 30 సెకన్లలో 6 సార్లు తట్టిన ఐపీని ఆపుతుంది, బ్యాకప్ స్క్రిప్టులు వెంటవెంటనే కనెక్ట్ అయ్యేవైతే అది వాటినీ ఆపుతుందని చూసుకోండి. పాస్‌వర్డ్ లాగిన్ తాత్కాలికంగా తెరిచి ఉంటే, ఆ వ్యవధిలో ఎవరైనా దూరారేమో 'లాస్ట్' కొట్టి చూడండి. మీకు తెలియని ఐపీ నుంచి లాగిన్ కనిపిస్తే మూసి ఊరుకోకుండా కీలన్నీ మార్చండి. చివరగా ఒకసారి, సర్వర్ దగ్గర మనిషి ఉండగానే, రీబూట్ చేసి తనంతట తను లేచి ఎస్ఎస్‌హెచ్ ఇస్తోందో లేదో చూసుకున్నాకే అతన్ని ఇంటికి పంపండి.